కాటా కరెక్టే... కబురే తప్పు!

మన ఊళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. ముల్లు త్రాసు మోసం చేయొచ్చు, రాళ్ల త్రాసు మోసం చేయొచ్చు, కానీ ఎర్రంకెలు వెలిగే డిజిటల్ కాటా మాత్రం అబద్ధం చెప్పదు. దానికి తోడు కంప్యూటర్ స్లిప్ కూడా చేతికొచ్చిందంటే ఇక మాట్లాడేదేముంది!

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఈ నమ్మకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కొంచెం భయం కూడా వేస్తుంది. ఎందుకంటే కాటా దగ్గర అంకె సరిగ్గానే పుట్టొచ్చు. కానీ అది ఒక తీగ మీద ప్రయాణం చేసి కంప్యూటర్‌కి చేరాలి. ఆ దారిలో దానికి ఏం జరుగుతుందో ఎవరూ పట్టించుకోరు. ఈ వారం ఆ దారి గురించి మాట్లాడుకుందాం.

పాత నోకియా రోజులు గుర్తున్నాయా? ఫోన్ మోగడానికి ఒకట్రెండు సెకన్ల ముందే పక్కనున్న కంప్యూటర్ స్పీకర్లో "డిట్ డిట్ డిట్... డిర్ర్ర్" అని మోత వచ్చేది. "ఫోనొస్తోంది చూడరా" అనేవాళ్లం, ఏదో దివ్యదృష్టి ఉన్నట్టు. స్పీకర్‌కీ ఫోన్‌కీ మధ్య తీగ లేదు, ముడి లేదు. కానీ ఆ జీఎస్‌ఎం ఫోన్లు సెకనుకి దాదాపు 217 సార్లు టవర్‌కి సిగ్నల్‌ని తునకలు తునకలుగా పంపేవి. స్పీకర్ వైరు దాన్ని యాంటెన్నాలాగా పట్టేసుకునేది. మనకి వినపడింది ఆ తునకల లయే.

దీని పేరు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇంటర్‌ఫెరెన్స్. పొట్టిగా ఈఎంఐ. బ్యాంకు ఈఎంఐ కాదండోయ్, అయినా రెండూ పిలవకుండానే వస్తాయి! మూలం మనం స్కూల్లో చదువుకున్న ఫారడే సూత్రమే, 1831 నాటిది. ఒక తీగలో కరెంటు మారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. పక్కనే ఇంకో తీగ చుట్టు ఉంటే అందులో వోల్టేజీ పుడుతుంది. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. అక్కడ మనకి కావాలి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అన్నాం. అక్కర్లేని చోట జరిగితే ఇంటర్‌ఫెరెన్స్ అంటున్నాం.

స్పీకర్లో మోత వస్తే చెవికి తెలుస్తుంది. డేటా తీగలో వస్తే చప్పుడు ఉండదు. అంకె మారిపోతుంది, అంతే.

అర బస్తా ఎక్కడికి పోయింది?

మా బాబాయిది గోదావరి జిల్లాలో వ్యవసాయం. సార్వా ధాన్యం ట్రాక్టర్ మీద ఒక రైస్ మిల్లుకి తోలాడు. గేటు దగ్గర వేబ్రిడ్జి, పక్కన చిన్న క్యాబిన్, అందులో ఎర్రంకెల బాక్సు. దాన్ని ఇండికేటర్ అంటారు. బండి ఎక్కగానే 9,640 చూపించింది. బాబాయి కళ్లారా చూశాడు. ధాన్యం దింపాక ఖాళీ బండి 3,120. అంటే నికరంగా 6,520 కిలోలు.

లోపల ఆఫీసు గదిలో కంప్యూటర్ కొట్టిన స్లిప్ మీద మాత్రం లోడు బరువు 9,600 అని ఉంది. నికరం 6,480. సరిగ్గా 40 కిలోలు తక్కువ. 75 కిలోల బస్తా లెక్కన అర బస్తాకి పైగానే. 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటా 2,369 రూపాయలు. ఆ లెక్కన దాదాపు 948 రూపాయలు.

"నా కళ్లతో చూశానండీ" అని బాబాయి. "కంప్యూటర్ తప్పు చెబుతుందా అండీ?" అని మిల్లు ఓనరు. మాటా మాటా పెరిగింది. అంతకుముందు కూడా ఒకరిద్దరు రైతులు ఇలాగే గొడవపడ్డారట. దాంతో ఓనరు గారికి క్యాబిన్‌లో కూర్చునే కుర్రాడి మీద అనుమానం వచ్చింది. వాడే ఏదో నొక్కుతున్నాడని, రెండ్రోజులు పనిలోకి రావొద్దన్నారు. ఇరవై ఏళ్ల పిల్లాడు. ఊరంతా వాణ్ని దొంగన్నట్టు చూడటం మొదలెట్టారు.

బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు కంప్యూటర్లు చదివావు కదా. ఈ లెక్క ఏంటో ఓసారి వచ్చి చూడు. ఆ కుర్రాడి మొహం చూస్తే నాకే జాలేస్తోంది."

నేను చదివింది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్. మన రాష్ట్రాల్లో ఈ కథ ఇంటికొకటి ఉంటుంది కదా. కాలేజీలో ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ అనే సబ్జెక్టు పాసయ్యాక మళ్లీ దాని మొహం చూడలేదు. శనివారం బస్సెక్కేశాను.

రెండు మీటర్లకి లేని జబ్బు నలభై మీటర్లకి

క్యాబిన్‌లో ఇండికేటర్ ఉంది. అక్కడి నుంచి ఆఫీసు కంప్యూటర్ దాకా దాదాపు 40 మీటర్ల తీగ. ఇండికేటర్ సెకనుకి కొన్నిసార్లు బరువుని అక్షరాలుగా పంపుతూ ఉంటుంది. ఆఫీసులో బటన్ నొక్కగానే ఆ క్షణంలో వచ్చిన అంకెని సాఫ్ట్‌వేర్ పట్టుకుని స్లిప్ కొడుతుంది.

కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఆఫీసు చివర నా ల్యాప్‌టాప్ తగిలించి, వచ్చే ప్రతి అక్షరాన్నీ ఒక ఫైల్లో రాయించాను. అన్నీ సున్నాలే రావాలి. చాలాసేపు అలాగే వచ్చాయి. ఈలోపు ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ మోటారు ఆన్ చేశారు. స్టార్టర్ "టక్" మంది. ఫైల్లో సున్నా ఉండాల్సిన చోట ఒకసారి 4 వచ్చింది. ఇంకోసారి 8. మరోసారి ఏకంగా ఇంగ్లీషు పీ అక్షరం! స్టార్టర్ పడ్డ ప్రతిసారీ కాదు, నాలుగైదుసార్లకి ఒకసారి.

తర్వాత అదే ల్యాప్‌టాప్‌ని క్యాబిన్‌లోకి తీసుకెళ్లి, రెండు మీటర్ల చిన్న తీగతో ఇండికేటర్‌కే తగిలించాను. మోటారు పదిసార్లు ఆన్, ఆఫ్ చేయించాను. ఒక్క సున్నా కూడా చెదరలేదు. అంటే కాటా మంచిదే, కంప్యూటర్ మంచిదే. దొంగ మధ్య దారిలో ఉన్నాడు.

మిల్లు కరెంటు పని చూసే పెద్దాయన నేల మీది పలక ఎత్తి చూపించారు. ఒకే గాడిలో డ్రయ్యర్ మోటారుకి వెళ్లే త్రీఫేజ్ కేబులూ, కాటా డేటా తీగా కావలించుకుని పడుకున్నాయి. "కాటా పెట్టినప్పుడు వేరే గాడి తవ్వడమెందుకని ఇందులోనే వేసేశారు బాబూ. కరెంటు తీగ పక్కన కబురు తీగ వేయకూడదని అప్పుడే చెప్పాను, ఎవరూ వినలేదు" అన్నారు. నాకు నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఒక్క వాక్యంలో వినిపించింది.

ఒక్క బిట్ తేడాతో నాలుగు సున్నా అయింది

ఇక్కడ కాస్త లోపలికి వెళ్దాం. కంప్యూటర్‌కి 4 అనే అంకె పంపాలంటే దాన్ని ఆస్కీ అనే పద్ధతిలో 0110100 అని పంపుతారు. సున్నా అయితే 0110000. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఒక్క బిట్ తేడా. ఆ ఒక్కటీ చెదిరితే 9,640 కాస్తా 9,600 అయిపోతుంది. అలాగే సున్నాలో వేర్వేరు చోట్ల ఒక్కో బిట్ మారితే 4 అవుతుంది, 8 అవుతుంది, పీ అవుతుంది. నా ఫైల్లో కనిపించినవి సరిగ్గా అవే.

పీ అక్షరం వస్తే సాఫ్ట్‌వేర్ "ఇది అంకె కాదు" అని పారేస్తుంది. తొమ్మిది వేలకి బదులు లక్ష వస్తే మనిషే నవ్వి మళ్లీ నొక్కుతాడు. ప్రమాదం ఎక్కడంటే, నమ్మేలా కనిపించే తప్పులో. 9,600 చూస్తే ఎవరికి అనుమానం వస్తుంది?

ఇంకో మాట. ఈ రొదకి పక్షపాతం లేదు. ఒకసారి రైతుకి 40 కిలోలు తగ్గిస్తుంది, ఇంకోసారి సున్నాని నాలుగు చేసి మిల్లుకే బొక్క పెడుతుంది. కానీ తగ్గినవాడే గొడవకొస్తాడు కదా. ఎక్కువొచ్చినవాడు స్లిప్ మడిచి జేబులో పెట్టుకుంటాడు. అందుకే బయటికి అది మోసంలాగే కనిపిస్తుంది.

మిల్లులో తీగ ఆర్ఎస్-232 అనే పాత పద్ధతిది. 1960 నుంచి ఉంది. అందులో ఒక తీగ సమాచారం తెస్తే, ఇంకో తీగ 'భూమి'. ఆ భూమితో పోల్చి వోల్టేజీ ప్లస్ 3 దాటితే 0, మైనస్ 3 కంటే కిందికి వెళ్తే 1. మామూలుగా 15 మీటర్ల లోపు వాడకానికి అనుకున్నది. ఇక్కడ 40 మీటర్లు లాగారు. పైగా గేటు దగ్గర భూమీ, మోటార్ల దగ్గర భూమీ ఒకటే సున్నా అని మనం అనుకుంటాం గానీ, పెద్ద మోటార్లు తిరిగే చోట ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. కొలిచే బద్దే ఊగుతుంటే కొలత ఎలా నిలుస్తుంది?

వేగం ఎలా ఉందో కూడా చూడండి. సెకనుకి 9,600 బిట్ల వేగంతో పంపితే ఒక్కో బిట్ దాదాపు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. అవతలి చిప్ ఆ బిట్ మధ్యలో ఒకసారి తొంగి చూసి 0నా, 1నా అని తేల్చేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో స్టార్టర్ నిప్పురవ్వ తాలూకు దెబ్బ తగిలితే బిట్ మారిపోతుంది. అందుకే తప్పు అన్నిసార్లూ రాలేదు.

పంటు మీద ఇద్దరు మనుషులు

రొదని తగ్గించడానికి మూడు చోట్ల పనిచేయాలి. పుట్టే చోట, ప్రయాణించే దారిలో, వచ్చి పడే చోట. మిల్లులో మేం ఇదే వరసలో వెళ్లాం.

మొదటిది పుట్టే చోటు. స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు ఆగినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. కాయిల్‌కి అడ్డంగా ఒక రెసిస్టరూ, కెపాసిటరూ కలిసిన స్నబ్బర్ పెడితే ఆ ఎగురుడు మెత్తబడుతుంది. చిన్న వస్తువు. పెద్దాయన పది నిమిషాల్లో బిగించేశారు.

రెండోది దారి. డేటా తీగని ఆ గాడిలోంచి పీకేసి, అవతలి గోడ వెంట వేరే పైపులో వేశాం. కరెంటు కేబుల్‌ని దాటక తప్పని ఒక్కచోట అడ్డంగా, ప్లస్ గుర్తులాగా దాటించాం. రెండు తీగలు ఎంత దూరం పక్కపక్కన సాగితే అంత రొద ఎక్కుతుంది. నిలువుగా దాటితే ఆ అంటకాగడం ఉండదు.

మూడోది అసలు కిటుకు. పాత తీగ బదులు మెలేసిన జంట తీగ వేసి, రెండు చివర్లా ఆర్ఎస్-485కి మార్చే కన్వర్టర్లు పెట్టాం. ఈ పద్ధతిలో సమాచారం భూమితో పోల్చి ఉండదు. రెండు తీగల మధ్య తేడాలో ఉంటుంది.

గోదావరి దాటే పంటు మీద ఇద్దరు నిలబడ్డారు అనుకోండి. అలలకి పంటు లేస్తుంది, పడుతుంది. ఒడ్డు నుంచి చూసి ఒక్కరి తల ఎంత ఎత్తులో ఉందో కొలవాలంటే కుదరదు. కానీ ఇద్దరిలో ఎవరు పొడుగు అంటే ఏ అలలోనైనా చెప్పేయొచ్చు. ఇద్దరూ కలిసే లేస్తారు, కలిసే దిగుతారు, మధ్య తేడా మారదు. బయటి రొద కూడా రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి చిప్ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూసేసరికి రొద కొట్టుకుపోతుంది, కబురు మిగులుతుంది. 200 మిల్లీవోల్టుల తేడా ఉంటే చాలు, చదవగలదు. తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా లాగొచ్చు.

అలకీ ఒక హద్దు ఉందండోయ్. రెండు తీగలూ కలిసి మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల పరిధి దాటి ఎగిరితే చిప్ చేతులెత్తేస్తుంది. అందుకే రెండు చివర్ల భూముల్నీ విడదీసే ఐసొలేటెడ్ కన్వర్టర్లు తీసుకున్నాం. వాటి లోపల కరెంటు కబురు వెలుగుగా మారి అవతలికి దూకుతుంది. కరెంటుకి దారి ఉండదు.

మెలేయడం ఎందుకంటారా? ఒక మెలికలో మొదటి తీగ మోటారుకి దగ్గరగా ఉంటే, తర్వాతి మెలికలో రెండోది దగ్గరవుతుంది. ఎక్కిన రొద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఇదేమీ కంప్యూటర్ యుగపు తెలివి కాదు. టెలిఫోన్ తీగల కోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. మన ఇంటి ఇంటర్నెట్ కేబుల్ కోసి చూడండి, నాలుగు జంటలు మెలేసి ఉంటాయి. నాలుగూ ఒకే లెక్కన మెలేసి ఉండవు. ఒక జంట రొద ఇంకో జంటకి ఎక్కకుండా ఒక్కోదానికి ఒక్కో మెలిక.

తీగ పైన రేకు తొడుగు ఉన్నది తీసుకుని, ఆ తొడుగుని క్యాబిన్ చివర ఎర్త్‌కి కలిపాం. తొడుగు వేసి ఎర్త్ చేయకుండా వదిలేస్తే గొడుగు కొనుక్కుని చంకలో పెట్టుకుని తడిసినట్టే.

ఇంత చేశాక కూడా నమ్మకూడదు

సాఫ్ట్‌వేర్ వాడి పని ఇక్కడ మొదలవుతుంది. ఎంత కాపలా పెట్టినా రొద ఎప్పుడో ఒకసారి దూరుతుంది అనుకునే ప్రోగ్రాం రాయాలి.

అన్నిటికంటే తేలికైనది పారిటీ. ప్రతి అక్షరంలో ఒకట్లు సరిసంఖ్యలో ఉండేలా ఒక బిట్ అదనంగా పంపుతారు. ఒక్క బిట్ చెదిరితే లెక్క బేసి అయిపోయి దొరికిపోతుంది. మిల్లు ఇండికేటర్‌లో ఆ సౌకర్యం ఉంది. సెట్టింగ్‌లో ఆపేసి ఉంది! రెండు చివర్లా ఆన్ చేశాం. అది ముందే ఆన్‌లో ఉంటే ఆ 9,600 స్లిప్ వచ్చేదే కాదు.

పారిటీకీ ఒక బలహీనత ఉంది. ఒకే అక్షరంలో రెండు బిట్లు చెదిరితే లెక్క మళ్లీ సరి అయిపోతుంది, కనిపెట్టలేదు. అందుకని పెద్ద వ్యవస్థల్లో సీఆర్‌సీ వాడతారు. మొత్తం సందేశాన్ని ఒక పెద్ద సంఖ్యలాగా చూసి, ఒక పద్ధతిలో భాగించి, వచ్చిన శేషాన్ని వెనక తగిలిస్తారు. అవతలివాడు మళ్లీ భాగిస్తాడు. శేషం కలవకపోతే ఆ ముక్క చెత్తబుట్టలోకే. మీరు ఈ కాలమ్ ఈథర్‌నెట్ కేబుల్ మీద చదువుతుంటే ప్రతి ఫ్రేమ్ వెనకా 32 బిట్ల సీఆర్‌సీ ఉంది. తప్పు కనిపెట్టడమే కాకుండా ఏ బిట్ చెదిరిందో కూడా చెప్పి సరిదిద్దే కోడ్‌ని బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లోనే ప్రచురించాడు.

మిల్లు సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లతో మాట్లాడి ఇంకో చిన్న నియమం పెట్టించాం. ఒక్క రీడింగ్ చూసి స్లిప్ కొట్టకూడదు. వరసగా ఐదుసార్లు అదే అంకె వస్తేనే కొట్టాలి. బండి ఊగుతున్నప్పుడు తొందరపడి నొక్కినా ఇది కాపాడుతుంది.

మొత్తం ఒకటిన్నర రోజు పని. ఆదివారం సాయంత్రం మోటారు ఆన్, ఆఫ్ చేస్తూ రెండు గంటలు చూశాం. ఒక్క సున్నా కూడా కదల్లేదు. ఓనరు గారు ఆ కుర్రాడి ఇంటికి తనే మనిషిని పంపి పిలిపించారు. బాబాయికి 40 కిలోల డబ్బు ఇచ్చారు. ఆ కుర్రాడికి పోయిన రెండ్రోజుల కూలీ ఇచ్చారు. ఊళ్లో పోయిన మాట సంగతి మాత్రం ఏ కన్వర్టర్ చూస్తుంది?

పొద్దున ఏడింటికి ఊరంతా ఇంటర్నెట్ కట్!

ఇది మిల్లులకీ మోటార్లకీ మాత్రమే ఉండే గోల అనుకోకండి. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలో అబెర్‌హోసన్ అని ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ 18 నెలల పాటు రోజూ పొద్దున ఏడింటికి ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. టెలికాం నెట్‌వర్క్ చూసే ఓపెన్‌రీచ్ సంస్థ వాళ్లు వచ్చి చూశారు, కేబుళ్లు కూడా మార్చారు. ఏమీ తేలలేదు. చివరికి ఇంజనీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని తెల్లవారుజామునే వానలో ఊరంతా తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఒక ఇంటి దగ్గర రొద ఒక్కసారిగా లేచింది. ఆ ఇంట్లోవాళ్లు రోజూ ఆ టైముకి ఒక పాత సెకండ్‌హ్యాండ్ టీవీ ఆన్ చేస్తారు. ఆ టీవీ విడిచే రొద రాగి తీగల్లోకి ఎక్కి ఊరి ఇంటర్నెట్‌ని కొట్టేసేది. విషయం తెలిసి వాళ్లు సిగ్గుపడి, ఇక దాన్ని ముట్టుకోమన్నారు. 2020 సెప్టెంబర్‌లో ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది.

మన దగ్గర ఇప్పుడు ఇళ్లకి ఫైబర్ వస్తోంది. గాజు దారంలో వెళ్లేది వెలుగు కాబట్టి మోటారు రొద దానికి ఎక్కదు. కానీ ఫైబర్ గోడ దాకానే. అక్కడి నుంచి రాగి తీగో, వైఫైయో తప్పదు.

మీ ఇంట్లో ఓసారి చూసుకోండి

మీ ల్యాప్‌టాప్‌కి వైర్‌లెస్ మౌస్ ఉందా? దాని బుడ్డి రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పెట్టి ఫైళ్లు కాపీ చేసి చూడండి. మౌస్ తడబడొచ్చు. యూఎస్‌బీ 3 తీగల్లో సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో బిట్లు పరుగెడుతుంటే, ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పరుచుకుంటుంది. చాలా వైర్‌లెస్ మౌస్‌లూ, బ్లూటూతూ, పాత వైఫై ఉండేదీ అక్కడే. ఇంటెల్ సంస్థే 2012లో దీని మీద ఒక పత్రం రాసింది. మందు చాలా తేలిక. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో కాస్త దూరంగా పెట్టండి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోండి. రౌటర్‌ని మైక్రోవేవ్ ఓవెన్ పక్కన పెట్టకండి, అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌తో ముందే చెప్పండి. ఇంటర్నెట్ కేబులూ, సీసీ కెమెరా కేబులూ కరెంటు వైర్ల పైపులో వేయొద్దని. గోడ పూత అయ్యాక మార్చడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

నెట్‌వర్క్ కేబుల్‌కి కొన మీరే బిగించుకుంటే ఒక ముఖ్యమైన సంగతి. రంగుల వరస ఇలా ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంటని విడదీసి మధ్యలో నీలాన్ని ఎందుకు దూర్చారని చాలామందికి చిరాకు. "రెండు చివర్లా ఒకే వరస ఉంటే చాలు కదా" అని వరసగా జంట పక్కన జంట పెట్టేస్తారు. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ పచ్చగా వెలుగుతాయి. కానీ సాకెట్‌లో 3వ, 6వ పిన్నులు ఒక జంట. మీరు వరసగా పెడితే 3వ పిన్నుకి ఆకుపచ్చ జంటలోని తీగా, 6వ పిన్నుకి నీలం జంటలోని తీగా వెళ్తాయి. కబురు మోసే రెండు తీగలు ఒకదాంతో ఒకటి మెలేసినవి కావు. మెలిక ఇచ్చే రక్షణ అంతా పోతుంది. చిన్న తీగలో పనిచేసినట్టే ఉంటుంది, పొడుగు తీగలో వేగం పడిపోతుంది. టెస్టర్ తీగ తెగిందో లేదో చెబుతుంది గానీ, జంట విడిపోయిందో లేదో చెప్పదు.

రైతులకి ఒక మాట. కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. దాంతోపాటు ఎర్రంకెల బాక్సు మీద ఏముందో ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి, లోడుకి ఒకటి, ఖాళీ బండికి ఒకటి. స్లిప్‌తో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే మర్యాదగానే మళ్లీ తూకం వేయమని అడగండి. మిల్లు ఓనర్లూ, ఎవరి మీదైనా నేరం మోపే ముందు ఒక్కసారి ఆ తీగ ఏ గాడిలో పడుకుందో పలక ఎత్తి చూడండి.

వచ్చే వారం బోరు మోటార్‌ని ఫోన్‌తో ఆన్ చేసే పెట్టెల గురించి. ఆ ఎస్ఎంఎస్ వెళ్లిందో లేదో మోటారుకి ఎలా తెలుస్తుందో చూద్దాం.